సిరావసంతము: మూడింటిలో ఏది మేలు?



గడచిన నెల ఈ పుటలయందు చింతపండు చెడకుండ నిలువచేయు విధమును గూర్చి వ్రాసితిని. ఈ నెల ఒక ఆటను గూర్చి వ్రాయబూనితిని. ఇల్లాలికి ఆటలతో నేమి పనియని మీలో కొందఱు పుట త్రిప్పివేయుదురేమో. త్రిప్పుటకు ముందు ఒక్క ప్రశ్నకు మీలో మీరే బదులు చెప్పుకొనుడు. మీరు కడసారి పరుగెత్తి ఆడినది ఎన్నడు?

నాకా దినము చక్కగా జ్ఞాపకమున్నది. అప్పుడు నాకు పండ్రెండేండ్లు. మా వీధి చెడుగుడులో నా కూతకు ఎదురు లేకుండెడిది. నేను పెద్దమనిషినైన నెల తిరుగకమునుపే మా నాయనమ్మ గడపకడ్డముగా కూర్చుండి, "ఇక చాలునమ్మా ఆటలు" అనెను. కోపముతో అనలేదు, తలుపు మూసినట్లు మెల్లగా అనెను. ఆ సాయంకాలము నాకంటె రెండేండ్లు చిన్నవాడైన నా తమ్ముడు వీధిలో కూత పెట్టుచుండగా నేను లోపల చేటలోని బియ్యమున రాళ్లేఱుచుంటిని.

2016వ సంవత్సరమున ఆ తమ్ముడే అమెరికానుండి సెలవులకు వచ్చుచు ఒక యంత్రమును తెచ్చి నా చేతికిచ్చి, "అక్కా, ఇందులో నీవు మఱల కూత పెట్టవచ్చును" అనెను. ఆ ఆట పేరు స్ప్లాటూన్. నాటినుండి నేటివఱకు దాని మూడు భాగములను నేను ఆడితిని. వాని తారతమ్యమును నాకు తోచినట్లు విన్నవించుటయే ఈ నెల నా పని.

ఆట ఎట్టిదో ముందు చెప్పెదను. దీనిని చేసినవారు జపాను దేశమున క్యోటో నగరమందలి నింటెండో సంస్థవారు. ఆ సంస్థ 1889లో పూలబొమ్మల పేకముక్కలు చేయుటతో మొదలైనది. స్ప్లాటూన్ ఊహ పుట్టిన తొలినాళ్ళలో ఆడు బొమ్మలు సోయాపాలను విఱిచి చేసిన ముద్దలవంటి దిమ్మలు. ఆ దిమ్మలు సిరా చిమ్ముచుండెడివి. తరువాత కుందేళ్లనుగా చేయుదమా యని తలపోసి, కడకు స్వభావముచేతనే సిరా చిమ్ము స్క్విడ్ అను సముద్రజీవిని ఎన్నుకొనిరి. ఆటలో ఆ ప్రాణి నేలమీద నిలిచినప్పుడు బాలిక, లేదా బాలుడు. సిరాలో మునిగినప్పుడు స్క్విడ్.

నలుగురొక జట్టు, నలుగురొక జట్టు. ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క రంగు. పందెము మూడు నిమిషములు. నేలపై తమ రంగును పఱచుటయే పని. తన రంగులో ఈదుచు వేగముగా పోవచ్చును. ఎదుటివారి రంగులో అడుగు పెట్టిన కాలు దిగబడును. వీపుననున్న సిరాబుడ్డి వట్టిపోయినచో తన రంగులోనే మునిగి నింపుకొనవలెను. సమయము ముగియగానే జడ్ అను లావుపాటి పిల్లి జెండా ఎత్తి తీర్పు చెప్పును. ఎందఱిని పడగొట్టితిమను లెక్క కాదు, ఎవరి రంగు నేలను హెచ్చుగా కప్పెనను లెక్కయే ఆ తీర్పునకు ఆధారము. పడినవాడును చావడు, క్షణకాలములో తన స్థానమున మఱల లేచును.

ఇది మనకు క్రొత్తయా? పెండ్లిండ్లలో పసుపునీట సున్నము కలిపి ఎఱ్ఱనైన వసంతమును వియ్యాలవారిపై చల్లిన చేతులు మనవి. శ్రీహర్షుని రత్నావళీ నాటికయందు మొదటి అంకమున కౌశాంబీపురజనులు చిమ్మనగ్రోవులతో వసంతమాడుదురు. కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములలో కర్పూరము వెదజల్లించి కర్పూరవసంతరాయలను బిరుదు పొందెను. ఆ రెడ్లకు తొలి రాజధాని మా పొదిలికి దూరము గాని అద్దంకియే. అయినను ఇప్పుడు మా ప్రాంతమున వసంతమాడుట కష్టము. వేసవిలో ట్యాంకరు వచ్చిన గాని బిందె నిండని వీధులు మావి; అట్టి చోట రంగునీళ్లు నేలపాలు చేయుటకు చేయి ఆడదు. ఈ ఆటలో వీధులకు వీధులు తడియును. చుక్క నీరు వ్యర్థము కాదు. మూడు నిమిషములు గడచినంతనే మార్కాపురపు పలకను తుడిచినట్లు అంతయు శుభ్రపడును.

ఇక వరుస చెప్పెదను. యంత్రము ఆపి దీపమార్పిన తరువాత ఏ భాగము నా మనస్సున నిలిచియుండునో దానిని మేలైనదిగా ఎంచితిని. నా కొలబద్ద ఇంతియే.

మూడవ స్థానము మొదటి భాగమునకు. అది 2015 మే నెలలో వీ యూ అను యంత్రమునకై వెలువడెను. ఆదియందు ఆయుధములు కొలదిగా నుండెను గాని అదే ఏట క్రమముగా చేర్చిరి. చేతిలోని పలకవంటి సాధనమును వంచి గుఱి చూచుట అప్పుడే మొదలైనది. రంగుల భేదము పోల్చలేని కన్నులవారికై రంగులను తేటగా నుంచు ఏర్పాటును అప్పటినుండియే ఉన్నది. తుపాకి ఆట పిల్లలకేలయని మొదట ముఖము చిట్లించిన మావారు, బడిపంతులు కావున, ఈ ఒక్క ఏర్పాటును చూచి మెత్తబడిరి. నేనును తమ్ముడును ఇంటిలోనే ఎదురెదురుగా బుడగలు పగులగొట్టు పందెము ఆడితిమి. నాలుగు సంవత్సరముల క్రొత్తపెండ్లికూతురివలె నవ్వితినని మా అత్తగారు ఆశ్చర్యపడిరి. అయినను ఇతరులతో దూరమునుండి ఆడు సదుపాయమును ఆ భాగమునకు 2024 ఏప్రిల్‌లో ఆపివేసిరి. ఊరు ఉన్నది, జనము లేరు. కావుననే దానిని మూడవదిగా నుంచితిని. ఇది తప్పునకు శిక్ష కాదు, పెద్దలకు చేయు నమస్కారము.

రెండవ స్థానము మూడవ భాగమునకు. 2022 సెప్టెంబరు 9న వచ్చిన ఈ భాగము ఆడుటకు అన్నిటికంటె సుఖమైనది. జట్టు కూడువఱకు ఊరక వేచియుండ నక్కరలేదు. ఆ కాలమున గుఱి సాధన చేసికొనవచ్చును. విల్లును, గాజు తుడుచు పరికరమువంటి ఖడ్గమును ఇందు క్రొత్తగా వచ్చినవి. పండుగ పందెములలో రెండు జట్లకు మారుగా మూడు జట్లు ఏర్పడును. ఈ పండుగల సంగతి మీకు చెప్పవలెను. ఒక చర్చ పెట్టి ఆటగాండ్రను పక్షములుగా చీల్చి ఆడింతురు. జపానులో 2015 జూన్ నాటి పండుగలో ప్రాతఃకాలమున అన్నము మేలా రొట్టె మేలా యనునదియే వివాదము. మన వంటయిండ్లలో నిత్యము జరుగు యుద్ధమునకు ఇంత వైభవము పట్టినది! 2019 జూలైలో, రెండవ భాగపు కడపటి పండుగలో, క్రమమా గందరగోళమా యని అడుగగా గందరగోళమే గెలిచెను. ఆ తీర్పు ననుసరించియే మూడవ భాగపు నగరమును గజిబిజి నగరముగా కట్టిరి. 2024 సెప్టెంబరు మహోత్సవమున భూత వర్తమాన భవిష్యత్తులలో ఏది మేలనగా భూతకాలము గెలిచెను. నేనును ఆ పక్షముననే ఉంటిని.

మొదటి స్థానము రెండవ భాగమునకు. ఇది 2017 జూలై 21న స్విచ్ యంత్రమునకై వచ్చినది. లోపములు లేకపోలేదు. నాకు ప్రియమైన సాల్మన్ రన్ అను ఆట ఇందు కొన్ని వేళలయందు మాత్రమే తెఱువబడును. తీరిక దొరకినప్పుడు అది మూసియుండును. అది తెఱచియున్నప్పుడు పొయ్యిమీద కూర ఉండును. అయినను 2018 జూన్‌లో దీనికి చేర్చిన ఆక్టోపస్‌కన్య కథ ఒక్కటియే నాచేత దీనికి అగ్రస్థానమిప్పించినది.

మొదటి భాగమున ఆక్టోపస్‌జాతివారు పాతాళమున నుండు శత్రుసైనికులు. వారిని పడగొట్టుటయే మన పని. అయితే ఆ యుద్ధమధ్యమున ఒక పాట వినబడగా వారిలో కొందఱి మనస్సు మారినదట. అట్లు పైకి వచ్చినదే రెండవ భాగమున పాటకత్తెయైన మెరీనా. ఇక ఈ కథలోని కన్య జ్ఞాపకము పోగొట్టుకొని భూగర్భమందలి రైలుదారిలో మేల్కొనును. స్టేషను తరువాత స్టేషను, పరీక్ష తరువాత పరీక్ష. ఇవన్నియు దాటినచో మంచిచోటికి పంపెదనని ఒక టెలిఫోను ఆశపెట్టును, అది వంచన. కడకు ఆమె మిత్రుల సాయముతో పైకెక్కి ఆకాశమును చూచును. నేనా ఘట్టము చేరునప్పటికి రాత్రి పదకొండు గంటలు. ఇంటిల్లిపాదియు నిద్రించుచుండిరి. తెఱమీద తెల్లని పగటివెలుగు పడగా నాకు గడపకడ్డముగా కూర్చున్న మా నాయనమ్మయు, దాని వెనుక వీధిలోని ఎండయు జ్ఞప్తికి వచ్చెను. కొంగుతో కన్నులు తుడిచికొని యంత్రమును బీరువాలో పెట్టితిని.

ఆయుధములలో నా వరుస వేఱు. అగ్రస్థానము బకెట్టునకు. ఏల యందురా? ప్రతి ఉదయమును వాకిట కళ్లాపి చల్లు చేతికి ఆ ఒడుపు ఎవరును నేర్పనక్కరలేదు. గోడ అవతలివానిపై కూడ పడునట్లు చల్లవచ్చును. రెండవది గోడలకు రంగుపూయు రోలరు. మూడవది గొడుగు, తనను కాచుకొనుచు ఎదుటివానిని తడుపును. కడపటిది దూరమునుండి గుఱి చూచు పొడవుతుపాకి. దానికి నిశ్చలముగా నిలిచి వేచియుండు తీరిక కావలెను. అది నలుగురున్న ఇంటిలో ఎవరికున్నది?

ఆటలలో సాల్మన్ రన్ మొదటిది. ఇందు ఎదుటిజట్టు లేదు. నలుగురును ఒక్కటై దండెత్తివచ్చు చేపలనుండి బంగారు గ్రుడ్లను కూడబెట్టవలెను. ఆయుధము మనము కోరినది కాదు. ఇచ్చినదానితో నెట్టుకొని రావలెను. ఇంటిలో ఉన్నదానితో నలుగురికి వండి పెట్టు మనకు ఈ విద్య కొత్తది కాదు. పడిపోయినవారు నీటితేలుడుచక్రముగా మారి సాయమడుగుదురు. తోడివారు సిరా చిమ్మిన లేతురు. అమెరికాలో ఉదయమైన వేళ మా తమ్ముని కూతురు, మా ఇంట రాత్రి భోజనములైన వేళ నేను, ఇందు ఒక జట్టుగా నిలుతుము. "అత్తా, లే!" అని ఆ పిల్ల అక్కడినుండి నాపై సిరా చిమ్మును. మా తమ్ముని గృహమునకును మాకును గల దూరమును ఇంత చక్కగా తగ్గించినది మఱేదియు లేదు.

ఒక హెచ్చరికయు చేయవలెను. పందెము మధ్యలో విడిచి లేచినచో మిగిలిన ముగ్గురును కష్టపడుదురు. పాలు పొంగునప్పుడును, కరెంటు పోవు వేళయందును ఆట మొదలిడకుడు. మా ఇంట నియమము నాలుగు పందెములు, అయిదవది లేదు. ఓడినదానను ఈ ఒక్కసారి గెలిచి లేచెదనను మాటకు అంతము లేదని నా అనుభవము.

ఇక అసలు సంగతి. పోయిన ఏడు మా అమ్మాయి పెద్దమనిషి ఐనది. అది బడిలో ఖోఖో ఆడును. నెల తిరిగినంతనే మా అత్తగారు, "ఇంటిలో ఆ మిషను ఉన్నది గదా, బయట పరుగులేల? దానిలోనే ఆడుకొననిమ్ము" అనిరి. ఆమె మాటలో దోషబుద్ధి లేదు. తొమ్మిదవ ఏటనే పెండ్లియై తన ఆట ముగిసినదని ఆమె అప్పుడప్పుడు చెప్పుచుండును. నేను ఒక నిమిషము మాటాడలేకపోతిని. నాకు మఱల కూత నిచ్చిన యంత్రమే నా బిడ్డ కూతను మ్రింగునా యని భయమైనది. తరువాత, "అత్తయ్యా, ఇది నాకు పోయినదానికి బదులుగా దొరికినది. దానికి ఇంకను పోలేదు, బదులేల?" అంటిని. ఆమె మారు పలుకలేదు. మఱునాటి ఉదయము అమ్మాయిని తానే పీటమీద కూర్చుండబెట్టుకొని రెండు జడలు బిగించి అల్లుచు, "వదులుగా నున్న పరుగెత్తునప్పుడు కండ్లలో పడును" అని మాత్రము అనిరి.

అమ్మాయిని దాని వరుస అడిగితిని. మొదటిది ఖోఖో, రెండవది బకెట్టు అన్నది. స్ప్లాటూన్ మూడు భాగములలో మూడవదియే మేలట. నా తీర్పు ముసలివారి తీర్పట. సోదరీమణులారా, మీ వరుసలను వ్రాసి పంపుడు. దానితోపాటు నేను మొదట అడిగిన ప్రశ్నకు బదులును వ్రాయుడు. వచ్చిన వానిలో కొన్నిటిని ఈ పుటలయందే ప్రకటించెదను.