బీరువా తాళం తియ్యండి, పుస్తకం పేరు చెప్పండి

ఊళ్లో గ్రంథాలయం అంటే పొద్దున్నే పేపరు చూసే చోటు అన్న మాట స్థిరపడిపోయింది. పేపరు బల్లమీద ఉంటుంది, పుస్తకాలు బీరువాలో ఉంటాయి. తాళం తీసినంత మాత్రాన సరిపోదు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో చెప్పే మనిషి కావాలి. తరాలుగా చదువుకున్న ఇళ్లల్లో ఆ పని తాతో మేనమామో చేస్తాడు. మన వాడల్లో అది చెయ్యాల్సింది లైబ్రరీ సిబ్బందే. ఇది దయ కాదు, వాళ్ల ఉద్యోగం.

డబ్బు కూడా మనదే. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 500 రూపాయల పన్ను కట్టే ఇల్లు గ్రంథాలయానికి 40 రూపాయలు ఇస్తోంది. మాలపల్లె కట్టింది, మాదిగవాడ కట్టింది. మరి బీరువాలో మన పుస్తకాలు ఎన్ని? పోటీ పరీక్షల పుస్తకాలు ఉండాల్సిందే, మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కాని వాడ నుంచి వచ్చిన పిల్లవాడికి అవి తప్ప ఇంకేమీ అక్కర్లేదని ఎవరు తేల్చారు?

సిబ్బందికి మేము చెప్పేది ఒకటే. వచ్చిన మనిషి ఇష్టాన్ని అడిగి పుస్తకం ఇవ్వండి, కులాన్ని చూసి కాదు.

పద్యం మీద మక్కువ ఉన్నవాళ్లకు జాషువా 'గబ్బిలం' ఇవ్వండి. 1941లో వచ్చింది. గుడిలోకి అంటరానివాడు పోలేడు, గబ్బిలం పోగలదు. అందుకే దానిచేత శివుడికి కబురు పంపుతాడు. పద్యం కొరుకుడు పడదంటారా, 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' ఉంది.

పొద్దంతా కూలికి పోయి వచ్చినవాళ్లకు కథ మేలు. ఒక్క కూర్చోలుకు అయిపోతుంది. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' చదివితే నీళ్ల దగ్గర కులం ఎట్లా కాపలా కాస్తుందో తెలుస్తుంది.

నవల కావాలంటే జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఇవ్వండి. దాని పక్కనే ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి 'మాలపల్లి' కూడా పెట్టండి. మన గురించి సానుభూతితో బయటివాళ్లు రాసిందేమిటి, మనవాళ్లు రాసిందేమిటి, పాఠకులే పోల్చుకుంటారు.

యువజన సంఘాలకు బోయి భీమన్న నాటకం 'పాలేరు' ఇవ్వండి. నాటకం ఆడితే అక్షరం రాని అవ్వ కూడా వింటుంది. ఆడపిల్లలు వస్తే గోగు శ్యామల కూర్చిన దళిత స్త్రీల రచనల సంకలనం 'నల్లపొద్దు' (2003) చూపించండి. మనలాంటి ఇంటి కథ కావాలన్న వాళ్లకు వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' ఉంది. రైల్వేలో చిన్న ఉద్యోగం చేసిన తండ్రి పిల్లల్ని చదివించుకున్న చరిత్ర అది.

చట్టం పుస్తకం అడిగినవాళ్లకు ఇంకో మాట కలిపి చెప్పాలి. బొజ్జా తారకం రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' ఎందరికో ధైర్యం ఇచ్చింది. కాని 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. పాత పుస్తకం పట్టుకొని స్టేషనుకు పోతే చిక్కు. ఆ సంగతి పుస్తకం ఇచ్చేటప్పుడే చెప్పాలి.

కార్యకర్తలు అంబేద్కర్ 'కుల నిర్మూలన' చదవాలి. 1936లో లాహోర్ సభవాళ్లు ఆ ఉపన్యాసం వద్దని సభే రద్దు చేసుకున్నారు. ఆయన సొంత డబ్బుతో 1500 ప్రతులు అచ్చేశాడు. వినమన్నవాళ్లు వద్దంటే పుస్తకమై ఊరూరా తిరిగింది. కష్టమనిపిస్తే రోజుకు రెండు పేజీలు, ఒకరు చదవాలి, పదిమంది వినాలి.

ఈ పక్షం చెయ్యాల్సిన పని చిన్నదే. నలుగురు కలిసి వెళ్లండి. సభ్యులుగా చేరండి. పేరుపెట్టి పుస్తకం అడగండి. లేదంటే తెప్పించమని కాగితం రాసివ్వండి. వసూలైన గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ అయిందా అని గ్రామసభలో నిలదియ్యండి. మంచి పుస్తకం పేరు చెప్పే లైబ్రేరియన్ ఉంటే వాడకు పిలిచి గౌరవించండి. అలాంటివాళ్లు ఉన్నారు, ఇంకా కావాలి.

అడగనివాళ్ల కోసం ఏ బీరువా దానంతటది తెరుచుకోదు.