గాలికీ కాలికీ తేడా చెప్పే పుస్తకం

కొంచెం పొడుగు రాత. తీరిక ఉన్నప్పుడు చదవండి.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే గానీ, బడిలో ఎవరూ నేర్పలేదు. రైల్వేలో క్లర్కుగా చేరినాక గూడూరు, రేణిగుంట స్టేషన్ల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇంగ్లీషులో పేరు చదవడం, తెలుగులో ఏ అక్షరం ఏదో పోల్చుకోవడం, అదే నా బడి. ఆ చదువుతో మా పెద్దమ్మకు మొదటి జాబు రాసినాను. "ఇక్కడ గాలి ఎక్కువ, రాత్రిళ్లు నిద్ర లేదు" అని రాయబోయి "కాలి" అని రాసినాను. "కాలికి ఏమయింది నాయనా, డాక్టరుకు చూపించినావా?" అని ఆమె తిరుగు టపాలో అడిగింది.

తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, బ కూడా అంతే. మన పిల్లలు నోటితో గాలి, కాలి సరిగ్గానే పలుకుతారు. రాసేటప్పుడు చెయ్యి తడబడుతుంది. 2006 చట్టం వచ్చినాక ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి. దాని మీద నాకు కోపం లేదు, తమిళం నాకు అన్నం పెట్టిన భాష. అయితే మన అక్షరం నేర్పే పని ఇప్పుడు ఇంటి మీద, సంఘం మీద పడింది. మనం ఏం చేస్తా ఉన్నాం అనేదే నా ప్రశ్న.

మూడో తరగతి చదివే మా మనవరాలికి అంగడిలో దొరికే అక్షరాల పుస్తకం కొనిచ్చినాను. రెండు రోజులు చూసి పక్కన పెట్టింది. ఫోనులో ఆట పెట్టిస్తే వేలితో తాకుతా పోయింది. ఒక్క అక్షరమూ నిలవలేదు.

అప్పుడు మా అల్లుడు ఒక సంగతి చెప్పినాడు. అమెరికాలో ఎం.ఐ.టి. మీడియా ల్యాబులో జీ చీ, లియా బ్యూక్లీ అనే ఇద్దరు 2010లో ఒక పుస్తకం చేసినారంట. తెరిస్తే బొమ్మలు లేచి నిలబడతాయి. పట్టీ లాగినా, చక్రం తిప్పినా, వేలితో ఒత్తినా దీపాలు పలుకుతాయి. కాగితం మీదే కరెంటు దారి వేసినారు. విన్న వెంటనే నాకు మా రైలు పట్టాలు గుర్తుకొచ్చినాయి. ట్రాక్ సర్క్యూట్ అదే కదా. పట్టాల్లో కొంచెం కరెంటు పారతా ఉంటుంది. బండి వస్తే చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. 1872లో రాబిన్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పని. రైలు పట్టాలతో చేసేది కాగితం మీద రాగి టేపుతో ఎందుకు చేయకూడదు?

ఇద్దరం కూర్చున్నాం. దళసరి అట్టను మడిచి, మడత మీద రెండు గాట్లు పెట్టి, మధ్య భాగాన్ని లోపలికి తోసినాము. అట్ట తెరిస్తే మెట్టులాగా లేచి నిలబడింది. దాని మీద బల్లి బొమ్మ అంటించినాము. బల్లి కంటికి ఎర్ర ఎల్‌ఈడీ. కింద రెండు రేకులు, ఒకదాని మీద "ప", ఇంకొకదాని మీద "బ". "బ" కింద మాత్రం రాగి ముక్క ఉంది. అది ఒత్తితే తెగిన దారి కలిసి, బల్లి కన్ను వెలుగుతుంది. "ప" ఒత్తితే ఏమీ కాదు. అది పల్లి అయిపోతుంది కదా! తిట్టేవాళ్లు లేరు, మార్కులు లేవు. దీపం రాకపోతే పిల్ల తానే మళ్లీ చూసుకుంటుంది.

తప్పులు చాలా చేసినాము. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి, తిరగేస్తే వెలగదు. మడత మీదుగా పోయిన రాగి టేపు నాలుగైదు సార్లు తెరిచి మూసేసరికి తెగింది. అక్కడ మాత్రం సన్నని మెత్తటి వైరు కొంచెం వదులుగా పెట్టినాము. ఎర్ర దీపం, తెల్ల దీపం ఒకే సెల్లుకు పక్కపక్కన కలిపితే తెల్లది వెలగనే లేదు. ఎరుపుకు సుమారు రెండు వోల్టులు చాలు, తెలుపుకు మూడు దాకా కావాలి. కరెంటంతా ఎర్రదే లాగేసుకుంటుంది.

పిల్ల వేలు పెట్టి రాగి దారి వెంబడి పోయి "తాతా, ఇక్కడ తెగింది" అని చూపించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంక్రిమెంటు వచ్చినప్పుడు కూడా లేదు. ఫోనులో ఆట నిలిచిపోతే ఎందుకు నిలిచిందో పిల్లకు తెలియదు. ఇక్కడ దారి కంటికి కనపడతా ఉంది. అందుకే అంటున్నాను, కొనిచ్చే పుస్తకం కంటే కూడబలుక్కుని చేసే పుస్తకం మేలు. ఆ వారంలో ప, బ. క, గ ఆమె చేతికి వచ్చేసినాయి.

ఒక హెచ్చరిక. నాణెం లాంటి లిథియం సెల్లు వాడకండి. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. స్క్రూ మూత ఉండే డబ్బాలో రెండు పెన్సిల్ సెల్లులు పెట్టండి. ఎర్ర దీపానికి వంద ఓముల రెసిస్టరు ఒకటి కలపండి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఇక సంఘానికి నా మాట. ప్రతి ఉగాదికీ శాలువాలు, షీల్డులు ఇచ్చుకుంటా ఉన్నాం. నాకూ ఇచ్చినారు, రెండు శాలువాలు బీరువాలో మడతపెట్టి ఉన్నాయి. వేదిక మీద తెలుగు గొప్పతనం చెప్తాము, కింద కూర్చున్న పిల్లలు బ్యానరు మీద అక్షరాలు చదవలేరు. ఈ ఏడాది ఆ డబ్బుతో అట్టలు, రాగి టేపు, దీపాలు కొందాము. ఆదివారం పొద్దున పది మంది పిల్లలు, పది మంది పెద్దలు కూర్చుంటే చాలు. పాట–బాట, కంప–గంప, పల్లి–బల్లి, ఇట్లా మన ఇళ్లలో మాట్లాడుకునే మాటలతోనే పేజీలు చేద్దాము. టీచరు దొరకలేదని ఎదురుచూస్తే ఇంకో తరం పోతుంది.

గోంద్, కత్తెర నేను తెస్తాను. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి. ఈ రాతలో "గ"కు బదులు "క" ఎక్కడన్నా పడి ఉంటే మొహమాటం లేకుండా దిద్దండి.