సంక్షిప్త పదం – సందిగ్ధ సలహా

వ్యవసాయ శాస్త్రంలో సంక్షిప్త పదాల వాడుక అనివార్యమైనది. అయితే ఒకే సంక్షిప్త పదానికి వేర్వేరు శాఖలలో పొంతనలేని అర్థాలు స్థిరపడ్డాయి. శాస్త్రవేత్త తన శాఖకు పరిమితమై ఉండవచ్చును. రైతు వద్దకు మాత్రం అన్ని శాఖల పదాలూ కలిసే చేరుతాయి.

‘ఈసీ’ ఇందుకు తగిన ఉదాహరణ. భూసార పరీక్ష పత్రంలో అది విద్యుత్ వాహకత. నేలలో కరిగే లవణాల స్థాయికి సూచిక. పురుగుమందు సీసాపై అది మందు రూపం. నీటిలో కలిపినపుడు పాలవలె తెల్లబడే గాఢ ద్రవం. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అదే పదం భూమిపై గల తాకట్టు, క్రయవిక్రయాల వివరాలు తెలిపే పత్రం.

మూడవ అర్థం సందర్భాన్నిబట్టి తేలిపోతుంది. మొదటి రెండూ ఒకే పొలానికి సంబంధించినవి గనుక స్పష్టత అవసరం. మందు పేరు పక్కనున్న అంకె మోతాదు కాదు, గాఢత. క్లోరిపైరిఫాస్ 20 ఈసీగానూ, 50 ఈసీగానూ లభిస్తుంది. మొదటిదానికి సిఫారసు చేసిన పరిమాణంలోనే రెండవదాన్ని వాడితే, పైరుపై పడే క్రియాశీల పదార్థం రెండున్నర రెట్లవుతుంది. ఖర్చు, పంటలో అవశేషాలు, పిచికారీ చేసేవారి ఆరోగ్యం – మూడూ దీనితో ముడిపడి ఉన్నాయి.

‘డీఏపీ’ మరింత సూక్ష్మమైన చిక్కు. పరిశోధన వ్యాసాలలో ‘30 డీఏపీ’ అనగా నాటిన 30 రోజులకు అని అర్థం. రైతుకు తెలిసిన డీఏపీ 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం గల ఎరువు. విద్యార్థి ఆంగ్ల పట్టికను యథాతథంగా తెలుగు కరపత్రంలోకి దించితే, కాలాన్ని తెలిపే అంకె ఎరువు మోతాదుగా మారగలదు.

ప్రతి పదాన్నీ తెలుగు చేయడమే పరిష్కారమనడం సమంజసం కాదు. బస్తాపై, సీసాపై ఉన్న పేరును రైతు గుర్తించవలసినదే. వరిసాగులో ‘ఎస్ఆర్ఐ’ మన ప్రాంతంలో ‘శ్రీ’గా మారి జనం నోట నిలిచింది, అయినా లేతనారు, ఒంటిమొక్క, ఎడంగా నాటడం వంటి వివరాలను ఆ పేరు తనంతట చెప్పదు. పేరు గుర్తుండటం వేరు, అర్థం తెలియడం వేరు.

కనుక కరపత్రంలో సంక్షిప్త పదం తొలిసారి వచ్చినచోటనే దాని అర్థం తెలుగులో వివరించాలి. ఒక పత్రంలో ఒక పదానికి ఒకే అర్థం ఉండాలి. అంకె వెంట ప్రమాణం తప్పక రాయాలి. ‘నాటిన 30 రోజులకు’ అని రాయడానికి పట్టే అదనపు స్థలం కొద్దిపాటిదే. ఆ స్థలం పొదుపు చేసినందువల్ల కలిగే నష్టం మాత్రం రైతు భరించవలసినది.