లైను రాయడానికి ఇన్ని క్లాసులా?

మా బ్యాచ్‌లో ఈసారి రెండు టీములు మినీ ప్రాజెక్టుకి లాగింగ్ లైబ్రరీ తీసుకున్నాయి. రెండింటి క్లాస్ డయాగ్రాములూ చూశాను. ఇన్ఫోలాగర్, వార్నింగ్‌లాగర్, ఎర్రర్‌లాగర్. మళ్లీ ఒక్కోదానికీ ఫైలుకొకటి, స్క్రీనుకొకటి. పైన అబ్‌స్ట్రాక్ట్ క్లాసు, పక్కన ఫ్యాక్టరీ. చేసే పనేమో ఒక లైను రాయడం!

సూటిగా చెప్పేస్తా, వీటిలో సగానికి పైగా తీసేయాలి.

మా చోడవరం బజార్లో కిరాణా కొట్టాయన అరువుకో పుస్తకం, జమకో పుస్తకం పెట్టడు. ఖాతా ఒకటే, కాలమ్ మారుతుందంతే. లాగ్ లెవెల్ కూడా ఒక కాలమే. పైథాన్‌లో డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ఉత్త అంకెలు, పోల్చడానికి ఒక ఇఫ్ చాలు. ఐదు లెవెళ్లు, మూడు హ్యాండ్లర్లు, రెండు ఫార్మాట్లు అనుకోండి. అన్నిటికీ ఇన్హెరిటెన్స్ వాడితే 30 క్లాసులు. రేపు జేసన్ ఫార్మాట్ కావాలంటే ఇంకో 15. అదే ఒక్క లాగరు పెట్టి, దానికి హ్యాండ్లర్ల లిస్టు, ప్రతి హ్యాండ్లర్‌కీ ఒక ఫార్మాటర్ ఇస్తే, కొత్తగా రాయాల్సింది ఒక్క క్లాసే.

హ్యాండ్లర్లు వేరుగా ఉండాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఫైలైతే తెరవాలి, మూయాలి, నిండితే మార్చాలి. స్క్రీనుకి ఆ బాధల్లేవు. అక్కడ పని నిజంగానే వేరు.

"ఉంటే ఏటైపోద్దిరా, పని చేస్తంది కదా" అన్నాడు మావాడొకడు. 2021 డిసెంబరులో బయటపడ్డ లాగ్4షెల్ గుర్తుచేశాను. లాగ్4జె అంటే జావా వాళ్లు విపరీతంగా వాడే లైబ్రరీ. లాగ్ చేసే మెసేజ్‌లో జెఎన్‌డీఐ అడ్రసు ఉంటే దాన్ని వెతికి తెచ్చే సదుపాయం 2013 నుంచీ అందులో ఉంది. ఎవడో లాగిన్ బాక్సులో కొట్టిన ముక్క లాగ్‌లోకి వెళ్తే చాలు, బయటి సర్వర్ నుంచి కోడ్ వచ్చి నడిచేది. తీవ్రత పదికి పది. అది క్లాసులు ఎక్కువై వచ్చిన తప్పు కాదు, నిజమే. కానీ లైను రాయాల్సిన లైబ్రరీ, ఆ లైనులో ఏముందో చదివి దాని మాట వినడం ఏమిటి? చివరికి 2.16.0 వెర్షన్‌లో మెసేజ్‌లలోని ఆ వెతుకులాటని పూర్తిగా పీకేశారు. బాగుచేయడమంటే అక్కడ తీసేయడమే.

అసలు సంగతి వైవా. డయాగ్రాములో బాక్సులు ఎక్కువుంటే కష్టపడ్డట్టు కనిపిస్తుందని అందరికీ తెలుసు (జూనియర్లకి ముందే తెలుసు). "ఎన్ని ప్యాటర్న్‌లు వాడారు?" అనే బదులు "ఈ క్లాసు తీసేస్తే ఏం ఆగిపోతుంది?" అని అడగమని మన సార్లనీ మేడమ్‌లనీ అడుగుదాం. జవాబు లేని క్లాసుకి ఒక మార్కు కోసినా నాకు అభ్యంతరం లేదు.