రక్తస్రావమైతే అయిపోయినట్లేనా?

నెల తప్పింది. ఇప్పుడే వద్దనుకున్నారు. భర్త మందుల దుకాణం నుంచి మాత్రలు తెచ్చిచ్చాడు. రెండు మూడు రోజుల్లో రక్తస్రావమైంది. హమ్మయ్య అనుకుని ఆ సంగతి అంతటితో వదిలేస్తారు. నిజమే, తొమ్మిది వారాల్లోపు సరైన మోతాదులో వేసుకుంటే నూటికి 95 మందికి పైగా ఈ మాత్రలతోనే గర్భస్రావం పూర్తవుతుంది. చిక్కంతా ఆ మిగిలిన కొద్దిమందితోనే. రక్తస్రావం వారికీ కావచ్చు. కాబట్టి రక్తం కనిపించడం ఒక్కటే రుజువు కాదు.

మొదట వేసుకునే మిఫెప్రిస్టోన్ గర్భం నిలవడానికి అవసరమైన ప్రొజెస్టిరాన్ హార్మోను పనిచేయకుండా చేస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వాడే మిసోప్రోస్టాల్ గర్భసంచి ముడుచుకునేలా చేసి లోపలున్నదాన్ని బయటకు పంపుతుంది. ఈ పని విఫలమైతే రెండు రకాలుగా విఫలమవుతుంది. గర్భం అలాగే పెరుగుతూ ఉండొచ్చు. లేదా కొంత బయటకుపోయి కొంత లోపలే మిగిలిపోవచ్చు.

ఏది మామూలు?

రెండో మందు తర్వాత కొన్ని గంటల్లో కడుపునొప్పి, నెలసరి కన్నా ఎక్కువ రక్తస్రావం, గడ్డలు పడటం సహజమే. ఆ రోజు చలి, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు ఉండొచ్చు. తర్వాత రక్తస్రావం రోజురోజుకూ తగ్గాలి. రెండు వారాలో, ఇంకొన్ని రోజులో కొద్దికొద్దిగా కనిపించినా కంగారు అక్కర్లేదు.

ఎప్పుడు అనుమానించాలి?

రెండో మందు వేసుకున్న 24 గంటల్లో రక్తస్రావం కాకపోయినా, నాలుగు చుక్కలతోనే ఆగిపోయినా డాక్టరును కలవాలి. వారం దాటినా వేవిళ్లు, రొమ్ముల సలపరం తగ్గకపోవడం, తగ్గిన రక్తస్రావం మళ్లీ ఎక్కువవడం, ఆరు వారాలైనా నెలసరి రాకపోవడం కూడా అనుమానించాల్సినవే.

ఇంట్లో చేసుకునే మూత్ర పరీక్షను వెంటనే నమ్మలేం. గర్భం పోయినా ఆ హార్మోను నాలుగు వారాల దాకా ఒంట్లో ఉండి రెండు గీతలు చూపించవచ్చు. నాలుగు వారాలు దాటినా రెండు గీతలే వస్తుంటే మాత్రం పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఎప్పుడు ఆగకూడదు?

గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతుంటే, రెండో మందు వేసుకుని 24 గంటలు దాటాక 100.4 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ జ్వరముంటే, దుర్వాసనతో స్రావమవుతుంటే తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. పొత్తికడుపులో ఒకపక్క తీవ్రమైన నొప్పి, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మరీ ప్రమాదం. గర్భం ఫలోపియన్ ట్యూబులో నిలిస్తే ఈ మాత్రలు పనిచేయవు. ఆ ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు ఏం చేస్తారు?

ఏ బాధా లేకపోయినా రెండు వారాలకు ఒకసారి చూపించుకోవడం మంచిది. స్కానింగ్‌లో కాస్త గడ్డలు కనిపించినంత మాత్రాన కడుపు శుభ్రం చేయించాలని లేదు. రక్తస్రావం తగ్గుతూ, జ్వరం, నొప్పి లేకుంటే చాలాసార్లు అవి వాటంతటవే పోతాయి. అవసరమైతే డాక్టరు మరో మోతాదు మందిస్తారు. లేదా సన్నని గొట్టంతో లోపల మిగిలినదాన్ని తీసేస్తారు. ఇది కొద్ది నిమిషాల పని. దుకాణంలో మరో ప్యాకెట్ కొని సొంతంగా వేసుకోవడం మాత్రం వద్దు. గర్భం కొనసాగుతుంటే ‘పోనీ, ఉంచుకుందాం’ అని ఊరుకోవడమూ మంచిది కాదు. మిసోప్రోస్టాల్ వల్ల బిడ్డకు కాళ్లూచేతుల లోపాలు, ముఖ నరాల లోపాలు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఏ నిర్ణయమైనా డాక్టరుతో మాట్లాడాకే తీసుకోవాలి.

భయమెందుకు?

చాలామంది ఆలస్యం చేసేది నొప్పి తెలియక కాదు, ‘ఎవరికైనా తెలుస్తుందేమో’, ‘డాక్టరు తిడతారేమో’ అని. మన దేశంలో 1971 నుంచీ గర్భస్రావానికి చట్టం ఉంది. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 18 ఏళ్లు నిండిన మహిళకు ఆమె సమ్మతే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. చట్టం అధికారమిచ్చిన వారికి తప్ప ఆమె పేరు, వివరాలు మరెవరికీ డాక్టరు చెప్పకూడదు. చెబితే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల ఖాళీ అట్ట వెంట తీసుకెళ్లాలి. ఏ రోజు, ఏ మందు, ఎన్ని వేసుకున్నదీ దాచకుండా చెప్పాలి. ఇంట్లో అత్తగానీ భర్తగానీ ‘ఆడవాళ్లకిది మామూలే, తగ్గిపోతుందిలే’ అనకుండా తోడు వెళితే సగం భయం అక్కడే తీరిపోతుంది.