ప్లేట్‌లెట్ల అంకె మార్కుల షీటు కాదు



వానలు మొదలై రెండు మూడు వారాలు గడిచాయంటే చాలు, మన క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో హోమ్‌వర్క్ మెసేజ్‌ల మధ్య మరో రకం మెసేజ్‌లు కనిపిస్తాయి. "బాబుకి ప్లేట్‌లెట్స్ 60 వేలకు పడిపోయాయి, డోనర్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్." దాని కింద పది నిమిషాల్లో బోలెడు సలహాలు: బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, ఫలానా ఆసుపత్రి. బిడ్డకు జ్వరం వస్తే కంగారు పడని తల్లి ఉండదు, అది అర్థమవుతుంది. కానీ మనం ఆ అంకెను యూనిట్ టెస్టు మార్కులు చూసినట్టు చూస్తున్నాం. పెరిగితే పాస్, తగ్గితే ఫెయిల్. ఎందుకు తగ్గిందని మాత్రం అడగడం లేదు. నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది అదే.

మీ పిల్లల బయాలజీ పుస్తకం తెరిచి చూడండి. ఎర్రరక్తకణాలు ఆక్సిజన్ మోస్తాయి, తెల్లరక్తకణాలు రోగక్రిములతో పోరాడతాయి, రక్త ఫలకికలు, అంటే ఈ ప్లేట్‌లెట్లే, రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. పరీక్షకు ఆ వాక్యం చాలు. 1882లో ఇటలీలోని ట్యూరిన్‌లో బిజోజెరో అనే వైద్యుడు వీటిని వర్ణించినప్పుడు చూసింది కూడా అదే. రక్తనాళానికి దెబ్బ తగిలిన చోటికి ఇవి వచ్చి అతుక్కుంటున్నాయి. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎక్కువ మంది దృష్టి ఆ పని మీదే ఉంది. రెండో పని, అంటే బాక్టీరియాతో పోరు, ఎంత పెద్దదో ఈ ఇరవై ఏళ్లలోనే బాగా బయటపడింది.

ప్లేట్‌లెట్ అంటే పూర్తి కణం కూడా కాదు. ఎముక మూలుగలో ఉండే పెద్ద కణాల నుంచి తెగిపడే ముక్క. కేంద్రకం ఉండదు, వ్యాసం మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో రెండు మూడు వంతులు, ఆయుష్షు వారం పది రోజులు. అయినా దాని పైపొరమీద కొన్ని బాక్టీరియాల గోడల్లోని పదార్థాన్ని గుర్తుపట్టే గ్రాహకాలున్నాయి. తెల్లరక్తకణాల మీద ఉండే రకానివే అవి. లోపల చిన్న చిన్న సంచుల్లో దాచుకున్న ప్రొటీన్లలో కొన్ని బాక్టీరియాను నేరుగా చంపుతాయి. మరొకటి బాక్టీరియా ఒంటికి అంటుకుని, "ఇదిగో ఇక్కడుంది" అని యాంటీబాడీలకు ఆనవాలు పట్టిస్తుంది.

అన్నిటికంటే వింతైనది వల సంగతి. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం అవసరమైతే తన డీఎన్ఏనే బయటికి విసిరి, దాన్ని వలలా పరిచి బాక్టీరియాను చిక్కించుకుంటుందని 2004లో బెర్లిన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ వల విసరమని న్యూట్రోఫిల్‌ను తట్టేవాటిలో ప్లేట్‌లెట్ ఒకటని 2007లో కెనడాలోని కాల్గరీ నుంచి వచ్చిన పరిశోధన తేల్చింది. రక్తంలో బాక్టీరియా తాలూకు విషం తగలగానే ప్లేట్‌లెట్లు వెళ్లి న్యూట్రోఫిల్‌కు అతుక్కుంటాయి, అది వల విసురుతుంది. 2013లో ఎలుకల కాలేయంలో ఇంకో దృశ్యం కనిపించింది. రక్తంలోని క్రిములను పట్టి మింగే కణాలు అక్కడ కాపలా ఉంటాయి. ప్లేట్‌లెట్లు మామూలు రోజుల్లో వాటిని ఊరికే తాకి వెళ్లిపోతుంటాయి. ఆ కణం ఒక బాక్టీరియాను పట్టుకుందంటే మాత్రం ప్లేట్‌లెట్లు అక్కడే ఆగి, చుట్టూ మూగి దాన్ని బంధిస్తాయి. 2017లో మ్యూనిక్ బృందం ప్లేట్‌లెట్లు తమంతట తాము పాకుతూ వెళ్లి బాక్టీరియాను ఊడ్చి మూటగట్టడం చూసింది. చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికుల్లా అనుకోండి.

ఇదంతా మంచికే జరుగుతుందనీ చెప్పలేం. పళ్ల మీద ఉండే కొన్ని స్ట్రెప్టోకాకస్ జాతులు రక్తంలోకి జారినప్పుడు ఇదే ప్లేట్‌లెట్లను పట్టుకుని, దెబ్బతిన్న గుండె కవాటం మీద గూడు కట్టుకుంటాయి. ప్లేట్‌లెట్ల గడ్డే అక్కడ వాటికి కవచం. రుమాటిక్ జ్వరం వల్ల కవాటం దెబ్బతిన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, పన్ను పీకించే ముందు ఆ విషయం దంతవైద్యులకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు ల్యాబ్ రిపోర్టుకు వద్దాం. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లుంటాయి. బాక్టీరియా రక్తంలోకి పాకి సెప్సిస్ వచ్చినప్పుడు అవి తెల్లరక్తకణాలకు అతుక్కుని, సన్నటి నాళాల్లో గడ్డలుగా మారి ఖర్చయిపోతాయి. అందుకే ఐసీయూలో అవయవాల పరిస్థితిని లెక్కగట్టే స్కోరులో ప్లేట్‌లెట్లకు కూడా చోటుంది. డెంగ్యూలో దారి వేరు. వైరస్ వల్ల మూలుగలో తయారీ మందగిస్తుంది, ఉన్నవి కూడా త్వరగా నశిస్తాయి. రిపోర్టులో మాత్రం రెండు చోట్లా కనిపించేది ఒకే అంకె.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వానాకాలంలో అంకె తగ్గగానే మనం "డెంగ్యూయే" అని తీర్మానించేస్తాం. టైఫాయిడ్, లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్‌లలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. మూడూ బాక్టీరియా జబ్బులే. మలేరియా సంగతి సరేసరి. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి లాంటి అతి చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. రాయలసీమ వైద్యులకు ఇది కొత్త జబ్బు కాదు. కొందరిలో కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ కింద దాగి ఉంటే మనం చూడం. తొందరగా గుర్తిస్తే చవకగా దొరికే యాంటీబయాటిక్‌తో సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. డెంగ్యూ అనుకుని ఇంట్లోనే ఆకు రసం తాగిస్తూ వారం గడిపితే ఊపిరితిత్తులకో మెదడుకో చేరుతుంది. ఇటు డెంగ్యూకేమో యాంటీబయాటిక్‌తో పనే లేదు. "ఏదో ఒకటి రాయండి డాక్టర్‌గారూ" అని ఒత్తిడి చేసేదీ మనమే.

ఇక డోనర్ల వేట. డెంగ్యూతో ప్లేట్‌లెట్లు 20 వేలకు, అంతకంటే కిందికి పడిపోయి, పెద్దగా రక్తస్రావం లేని పెద్దవాళ్లపై సింగపూర్, మలేసియాల్లో ఒక పరిశోధన చేశారు. ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం తగ్గలేదు, పైగా దుష్ఫలితాలు ఎక్కువయ్యాయి. ఇది 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మన దేశ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనప్పుడు 10 వేల కంటే తగ్గితేనే ఆలోచించమంటాయి. 60 వేల దగ్గర డోనర్ కోసం ఊరంతా ఫోన్లు చేయడం వల్ల నిజంగా రక్తం కారుతున్న పిల్లవాడికి సంచీ దొరక్కుండా పోవచ్చు. ఇంకొక సంగతి. ఎర్రరక్తకణాల సంచీని ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంచవచ్చు. ప్లేట్‌లెట్ల సంచీని 20 నుంచి 24 డిగ్రీల వద్ద మెల్లగా ఊపుతూ ఉంచాలి, మామూలుగా ఐదు రోజులే. ఆ వెచ్చదనంలో పొరపాటున చేరిన బాక్టీరియా పెరిగే వీలుంది. బాక్టీరియాతో పోరాడే కణాల సంచీలోనే బాక్టీరియా పెరగడం విడ్డూరమే. ఊరికే ఎక్కించుకోకూడదనడానికి అదీ ఒక కారణం.

బొప్పాయి ఆకు రసం మీద చిన్న చిన్న అధ్యయనాలున్నాయి, కాదనను. కానీ వాంతులవుతున్న పిల్లల చేత ఆ చేదు బలవంతంగా తాగిస్తే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. ఆ గ్లాసులో ఓఆర్ఎస్ పోయండి.

డాక్టరు దగ్గర "ఎంతకు పడింది?" అని ఒక్కటే అడగకండి. "దేనివల్ల పడింది? బాక్టీరియా అనే అనుమానం ఉందా? బ్లడ్ కల్చర్ అవసరమా? స్క్రబ్ టైఫస్ పరీక్ష చేశారా?" అని అడగండి. అదే సీబీపీలో పీసీవీ పెరుగుతోందేమో కూడా అడగండి. డెంగ్యూలో రక్తం చిక్కబడటం అంకె తగ్గడం కంటే పెద్ద హెచ్చరిక. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చల్లబడ్డ చేతులు, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా, రిపోర్టులో లక్ష ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం దిగిన రోజు మరీ జాగ్రత్తగా చూడండి, డెంగ్యూ తిరగబడేది ఎక్కువగా అప్పుడే. నొప్పులకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. అవి ఉన్న కాసిని ప్లేట్‌లెట్ల పనినీ దెబ్బతీస్తాయి.

ప్రతి రిపోర్టు మీదా ఆ రోజుకు జ్వరం ఎన్నో రోజో పెన్నుతో రాసి పెట్టండి. ఒళ్లంతా ఒకసారి వెతికి, నల్లటి పక్కు కనిపిస్తే ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. పిల్లలు ఈమధ్య పొలానికో, తోటకో, క్యాంపుకో వెళ్లొచ్చి ఉంటే అదీ చెప్పండి.