"లైవ్ కదా, ఏం చేస్తాం" అంటే కుదరదు



టీవీలో అసభ్యత అనగానే అందరికీ రెండే గుర్తొస్తాయి. బట్టలు, బూతులు. నడుము కనిపిస్తే మసక వేస్తారు, బూతు దొర్లితే బీప్ వేస్తారు. మరి నొప్పులు పడుతూ డోలీలో పోతున్న మన అక్క నోటి దగ్గర మైకు పెట్టి "చెప్పమ్మా, ఎలా ఉంది?" అని లైవ్‌లో అడిగితే? ఆమె ముఖం, ఏడుపు, తడిసిన చీర ఇంటింటికీ చేరితే? దానికి మసక లేదు, బీప్ లేదు. పైగా "మీ సమస్య మేమే వెలుగులోకి తెచ్చాం" అంటారు, మనమే దండం పెట్టాలి.

వార్త వద్దని నేననడం లేదు. టీవీలో వస్తేనే కదిలే అధికారులున్నారని నాకూ తెలుసు. కానీ రోడ్డు లేదని చెప్పడానికి బురదను చూపించు, వాగును చూపించు, డోలీ మోసే భుజాలు చూపించు. ఆమె ముఖం ఎందుకు?

అడిగితే ఒకటే జవాబు, "లైవ్ కదా బ్రదర్, ఏం చేస్తాం." ఇది పచ్చి అబద్ధం. లైవ్‌ను ఎలా ఆపాలో టీవీవాళ్లకు బాగా తెలుసు.

దీని మీద అతిపెద్ద గొడవ అమెరికాలో జరిగింది. 2004 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్ మ్యాచ్ విరామంలో పాటల కార్యక్రమం. జస్టిన్ టింబర్లేక్ చెయ్యి వేసి లాగాడు, జానెట్ జాక్సన్ రొమ్ము అర సెకను పైచిలుకు కనిపించింది. అంతే! లక్షల ఫిర్యాదులు. సీబీఎస్ మీద 5 లక్షల 50 వేల డాలర్ల జరిమానా వేశారు (అది తర్వాత కోర్టులో నిలవలేదు, వేరే సంగతి). వారం తిరక్కుండా అదే సీబీఎస్ గ్రామీ అవార్డులను ఐదు నిమిషాలు ఆలస్యంగా ప్రసారం చేసింది. చూశారా, డబ్బు పోతుందని భయం వేస్తే లైవ్ కూడా ఆగుతుంది. ఇంకోటి గమనించండి. ఆ గ్రామీ వేదిక మీదికి లాగినవాడు వెళ్లి రెండు అవార్డులు తెచ్చుకున్నాడు. నల్లజాతి ఆడమనిషి జానెట్ ఇంట్లోనే ఉండిపోయింది. సభ్యత పేరుతో శిక్ష ఎవరికి పడుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అది అమెరికా అంటారా? మన దేశం సంగతే చూద్దాం. 2008 ముంబై దాడులప్పుడు కమాండోలు ఎక్కడ దిగుతున్నారో కూడా ఛానెళ్లు లైవ్‌లో చూపించాయి. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా తప్పుబట్టింది. 2015లో కేబుల్ టీవీ నియమాల్లో కొత్త క్లాజు చేర్చారు: ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ జరుగుతుంటే లైవ్ ఇవ్వకూడదు. కాబట్టి రాజ్యానికి అవసరమైతే లైవ్‌కి హద్దు పెట్టగలదు. మన ఆడవాళ్ల పరువు దగ్గరికి వచ్చేసరికే "ఏం చేస్తాం".

అలాగని మన కోసం నియమమే లేదా అంటే, ఉంది. అదే నియమాల్లో 6వ రూల్, ప్రోగ్రామ్ కోడ్. మంచి అభిరుచికి, సభ్యతకు విరుద్ధమైనది వేయొద్దని మొదటి క్లాజే చెప్తుంది. ఇంకా కిందికి పోతే 6(1)(ఎం) ఉంది. కొన్ని జాతుల, భాషల, ప్రాంతాల ప్రజలను కించపరుస్తూ, వెటకారంగా, చిన్నచూపుతో చూపించే దృశ్యాలు, మాటలు ఉండకూడదని దాని సారం. ఆకులు కట్టుకుని గంతులేసే "కోయదొర" కామెడీలు ఈ క్లాజు కిందికి రావా? డిబేట్‌లో కూర్చుని "వాళ్లకు నాగరికత నేర్పాలి" అనే పెద్దమనుషులు రారా? ఈ క్లాజు పేరు మనలో ఎంతమంది విన్నారు చెప్పండి.

2023 జూలై గుర్తు తెచ్చుకోండి. మధ్యప్రదేశ్ సీధీ జిల్లాలో ఒక ఆదివాసీ అన్న మీద మూత్రం పోసిన వీడియో. ఛానెళ్లు తిప్పి తిప్పి వేశాయి. రెండు రోజులకు ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ తన ఇంట్లో, కెమెరాల ముందు, ఆ అన్న కాళ్లు కడిగాడు. అదీ తిప్పి తిప్పి వేశాయి. మొదటిది అవమానం, రెండోది గౌరవం అన్నారు. నాకైతే రెండు సార్లూ ఆ మనిషి బొమ్మే అయ్యాడు. పేరు, ఊరు, ముఖం దేశమంతా తెలిసిపోయాక ఆయన తిరిగి అదే ఊళ్లో బతకాలి. మనిషి ప్రైవసీ గురించి న్యూస్ ఛానెళ్లు రాసుకున్న సొంత కోడ్‌లో కూడా ఉంది. ఆ రోజు దాన్ని ఎవరు తెరిచి చూశారు?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఊరికే పోస్టు షేర్ చేసి తిట్టి వదిలేయకండి. ఛానెల్ పేరు, తేదీ, టైము రాసుకోండి. స్క్రీన్ రికార్డింగ్ ఉంచుకోండి, కానీ మన అక్క ముఖం ఉన్న ఆ క్లిప్పును మళ్లీ గ్రూపుల్లో తిప్పకండి, ఆ పని ఛానెల్ ఇప్పటికే చేసింది. రూల్ 6 క్లాజు పేరు పెట్టి ఛానెల్‌కే ఫిర్యాదు రాయండి. 2021 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే వాళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, ఆ పైన కేంద్రానికి వెళ్లొచ్చు. లోకల్ కేబుల్ ఛానెల్ అయితే ఇంకా దగ్గర దారి ఉంది. కోడ్‌కు విరుద్ధమైన ప్రసారాన్ని ఆపించే అధికారం కేబుల్ చట్టం కింద కలెక్టర్‌కి, సబ్ కలెక్టర్‌కి ఉంది. సోమవారం గ్రీవెన్స్‌కి పింఛన్ కాగితాలతో పాటు ఈ కాగితం కూడా పట్టుకెళ్లండి. రసీదు తీసుకోకుండా మాత్రం రాకండి.